పైమట్టి ఎక్కడ పెట్టారు? బొగ్గు గనుల చరిత్రలో ఒక చిన్న నిబంధన కథ



ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది యుద్ధాల గురించి కాదు, రాజుల గురించి కాదు. మట్టి గురించి. అది కూడా మట్టి అంతటి గురించి కాదు, పైన ఉండే జానెడు, మూరెడు మట్టి గురించి. దాన్ని ఎక్కడ తీశారు, ఎక్కడ పెట్టారు, మళ్ళీ ఎక్కడ పరిచారు అన్న ప్రశ్న ఒక దేశంలో పార్లమెంటు దాకా వెళ్ళింది, ఇద్దరు అధ్యక్షుల బల్ల మీదకి వెళ్ళింది, సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ కథ చెప్తాను. చివర్లో మన గోదావరి లోయకి కూడా వద్దాం.

ముందు మనకి తెలిసిన విషయంతో మొదలుపెడదాం. పొలంలో బావి తవ్వుతున్నారనుకోండి. అనుభవం ఉన్న రైతు ఏం చేస్తాడు? పైన వచ్చే మట్టిని ఒక పక్క వేయిస్తాడు. కింద నుంచి వచ్చే మొరం, సుద్ద, రాయి ఇంకో పక్క వేయిస్తాడు. రెండూ కలవనివ్వడు. ఎందుకంటే ఆ మొరం పొలం మీద పడిందంటే అక్కడ పంట రాదని ఆయనకి తెలుసు. ఈ మాట ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నది కాదు. చెరువు పూడిక మట్టిని ఎండాకాలంలో బండ్ల మీద తోలుకెళ్ళి చెలకలో చల్లుకునే ఊళ్ళలో మట్టి విలువ ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు అదే బావిని కొన్ని వందల ఎకరాల వెడల్పుకి పెంచండి. తవ్వేది రైతు కాదు, కంపెనీ. కావలసింది నీళ్ళు కాదు, అడుగున ఉన్న బొగ్గు. అప్పుడు ఆ పైమట్టిని పక్కన పెట్టేది ఎవరు? ఎందుకు పెడతారు? పెట్టకపోతే అడిగేది ఎవరు? ఈ మూడు ప్రశ్నల చుట్టూనే మన కథంతా తిరుగుతుంది.

నేల తలకిందులవడం అంటే ఏంటి?

బొగ్గు తీయడానికి రెండు దారులు. ఒకటి, బాయి దిగి సొరంగాల్లోంచి తీయడం. రెండోది, పైన ఉన్నదంతా ఎత్తిపోసి బొగ్గు పొరని ఆకాశానికి తెరిచి తీయడం. ఈ రెండోదాన్నే మనం ఓపెన్‌కాస్ట్ అంటున్నాం, అమెరికాలో స్ట్రిప్ మైనింగ్ అన్నారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క గమనించండి. తవ్వేటప్పుడు ముందు ఏది వస్తుంది? పైమట్టి. దాని తర్వాత కింది మట్టి, ఆ తర్వాత మెత్తటి రాయి, చివరికి బొగ్గుని ఆనుకుని ఉన్న నల్లటి రాయి. వీటిని వచ్చిన వరసలోనే ఒకదాని మీద ఒకటి పోసుకుంటూ పోతే ఏమవుతుంది? ముందు వచ్చిన పైమట్టి అడుక్కి పోతుంది. చివర్లో వచ్చిన నల్లరాయి పైకి వస్తుంది. అంటే నేల మొత్తం తలకిందులైపోతుందన్నమాట.

ఆ నల్లరాయిలో చాలా చోట్ల పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. కోట్ల ఏళ్ళు భూమి లోపల గాలి తగలకుండా ఉన్నంత కాలం దానివల్ల ఏ గొడవా లేదు. గాలి, నీళ్ళు తగిలిన రోజు నుంచి అది గంధకామ్లంగా మారడం మొదలుపెడుతుంది. వాన పడితే ఆ నీళ్ళు వాగుల్లోకి దిగి, వాగు నారింజ రంగుకి తిరుగుతుంది. గడ్డి కూడా మొలవదు.

మరి అడుక్కి పోయిన పైమట్టి? ఒక అంగుళం పైమట్టి తయారవడానికి ప్రకృతికి వందల ఏళ్ళు పడుతుంది. రాయి పొడి కావాలి, వేళ్ళు చచ్చి కుళ్ళాలి, వానపాములు తిరగాలి, కంటికి కనపడని బూజులూ బ్యాక్టీరియా ఊళ్ళు కట్టుకోవాలి. అదంతా ఒక్క మధ్యాహ్నంలో రాళ్ళ కింద పూడిపోతుంది.

గుర్రాల నాగలి నుంచి బిగ్ మస్కీ దాకా

అమెరికాలో ఈ పద్ధతి 19వ శతాబ్దం నడుమ నుంచే ఉంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో డాన్‌విల్ అనే ఊరి దగ్గర 1860ల నాటికే గుర్రాలకు కట్టిన నాగళ్ళతో, గీకుడు చట్రాలతో పైమట్టి తీసి కింద ఉన్న బొగ్గు తవ్వుకున్నారు. గుర్రాలు ఎంతని తవ్వుతాయి? పొర బాగా పైన ఉంటేనే కుదిరేది. కాబట్టి దెబ్బ కూడా చిన్నదే.

ఆ తర్వాత ఆవిరి పార వచ్చింది, ఆ తర్వాత కరెంటు పార, ఆ తర్వాత డ్రాగ్‌లైన్. డ్రాగ్‌లైన్ అంటే పొడవాటి చేతికి తీగలతో పెద్ద బకెట్ వేలాడదీసి, దాన్ని విసిరి, లాగి, ఎత్తి పక్కన పోసే యంత్రం. 1969లో ఒహాయోలో బిగ్ మస్కీ అనే డ్రాగ్‌లైన్ పని మొదలుపెట్టింది. దాని బరువు సుమారు 12,000 టన్నులు. దాని బకెట్‌లో ఒక్కసారికి 220 ఘనపు గజాలు, అంటే దాదాపు 168 ఘనపు మీటర్ల మట్టీ రాయీ పట్టేది. మన టిప్పర్లు ఎన్నో నిండేంత మట్టిని అది ఒక్క విసురులో ఎత్తేది.

ఇంత పెద్ద చేతికి మట్టికీ రాయికీ తేడా తెలుస్తుందా? తెలియదు. అసలు దాని పనే అది కాదు. బొగ్గుకీ ఆకాశానికీ నడుమ ఉన్నదంతా దాని లెక్కలో ఒక్కటే సరుకు. ఆ సరుకుకి గనుల వాళ్ళు పెట్టుకున్న పేరు ఓవర్‌బర్డెన్. అంటే నెత్తి మీది బరువు. చూడండి, పేరులోనే దృష్టి ఉంది. రైతుకి పైమట్టి అంటే బతుకు, గనికి అదే మట్టి అడ్డు. మన సింగరేణి ఊళ్ళలో ఓబీ, ఓబీ గుట్టలు అంటుంటారు కదా, ఆ ఓబీ ఈ మాటే.

రాష్ట్రాలు ఊరుకోలేదు. 1939లో వెస్ట్ వర్జీనియా స్ట్రిప్ మైనింగ్ మీద మొదటి చట్టం చేసింది. తర్వాత ఇండియానా, ఇల్లినాయ్, పెన్సిల్వేనియా కూడా చేశాయి. అయితే ఇల్లినాయ్ 1943లో చేసిన చట్టాన్ని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే 1947లో కొట్టేసింది. మిగతా చట్టాలు కూడా చాలావరకు మెత్తటివే. వాటిలో గుట్టల తలలు చదును చేయండి, మొక్కలు నాటండి అని ఉండేది. పైమట్టిని విడిగా దాచండి అని గట్టిగా అడిగింది తక్కువ. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక రాష్ట్రం గట్టిగా ఉంటే, పక్క రాష్ట్రంలో బొగ్గు చవగ్గా వస్తుంది. కంపెనీ అటు పోతానంటుంది. అందుకే ప్రతి రాష్ట్రమూ పక్కవాడిని చూసి వెనక్కి తగ్గేది.

బుల్‌డోజర్ ముందు కూర్చున్న ముసలమ్మ

ఇప్పుడు కెంటకీకి వెళ్దాం. తూర్పు కెంటకీ అంతా అపలాచియన్ కొండలు. అక్కడి పేద రైతుల తాతలు 1900కి కాస్త అటూ ఇటూగా ఏజెంట్లకి కొన్ని కాగితాల మీద సంతకాలు పెట్టారు. చాలామంది వేలిముద్రలూ, గీతలూ పెట్టారు. ఆ కాగితాల పేరు బ్రాడ్ ఫామ్ డీడ్. దాని ప్రకారం భూమి పైభాగం రైతుది, కింద ఉన్న ఖనిజం కొన్నవాడిది. సంతకం పెట్టిన నాటికి బొగ్గు తీయడమంటే కొండకి చిన్న బొక్క పెట్టి లోపలికి పోవడం. పైన మా ఇల్లు, మా మొక్కజొన్న మాకే ఉంటాయి కదా అనుకున్నారు.

యాభై ఏళ్ళ తర్వాత బుల్‌డోజర్లు వచ్చాయి. మా బొగ్గు మేము తీసుకుంటాం, మీ నేల పైన ఉందంటే అది మా తప్పు కాదు అన్నారు. 1956లో కెంటకీ పెద్ద కోర్టు కూడా ఆ కాగితాలు స్ట్రిప్ మైనింగ్‌కి చెల్లుతాయని, నేల పాడైనందుకు నష్టపరిహారం కూడా ఇవ్వక్కర్లేదని తీర్పు చెప్పింది.

1965 నవంబర్‌లో నాట్ కౌంటీలో ఓలీ కోంబ్స్ అనే 61 ఏళ్ళ వితంతువు తన ఇంటి పైన కొండ మీదకి వచ్చిన బుల్‌డోజర్ ముందు కూర్చుంది. పోలీసులు ఆమె కాళ్ళూ చేతులూ పట్టుకుని కొండ కిందకి మోసుకెళ్ళారు. ఆ ఫొటో పేపర్లో పడింది. థాంక్స్‌గివింగ్ పండగ పూట ఆమె జైల్లో అన్నం తింది. మనకి సంక్రాంతి పండగ పూట ఒక పెద్దావిడని తన పొలం గట్టు మీద నుంచి ఎత్తుకెళ్ళి జైల్లో పెడితే ఊరు ఎలా ఉంటుందో ఊహించుకోండి. రాష్ట్రమంతా అలాగే అయింది. ఆ మరుసటి ఏడాది, 1966లో, గవర్నర్ ఎడ్వర్డ్ బ్రెథిట్ హయాంలో కెంటకీ గట్టి చట్టం చేసింది. అయినా ఆ పాత కాగితాల పీడ పూర్తిగా వదలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1988లో ఓటర్లు 80 శాతానికి పైగా ఓట్లతో రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఈ పోరాటంలో ఉన్నవాళ్ళకి కొండ ఎవరిది అన్నదే మొదటి ప్రశ్న. మట్టిని ఎలా దాచాలి అన్నది తర్వాత వచ్చిన ప్రశ్న. కానీ మొదటిది లేకపోతే రెండోది ఎప్పటికీ వచ్చేది కాదు.

రెండు వీటోలు, ఒక సంతకం

1971లో వెస్ట్ వర్జీనియా ప్రతినిధి కెన్ హెక్లర్ అమెరికన్ కాంగ్రెస్‌లో స్ట్రిప్ మైనింగ్‌ని పూర్తిగా నిషేధించాలని బిల్లు పెట్టారు. అది నెగ్గలేదు. కానీ ఆ బిల్లు ఉండటం వల్ల, నిషేధం వద్దనుకున్నవాళ్ళు కనీసం నియంత్రణకి ఒప్పుకోవాల్సి వచ్చింది. 1972 ఫిబ్రవరి 26న వెస్ట్ వర్జీనియాలోనే బఫెలో క్రీక్ లోయలో బొగ్గు వ్యర్థాలతో కట్టిన ఆనకట్ట తెగి 125 మంది చనిపోయారు. కంపెనీల మాట మీద వదిలేస్తే ఏమవుతుందో దేశమంతా చూసింది.

ఈలోగా 1973 చమురు సంక్షోభం వచ్చింది. అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. అమెరికాకి బొగ్గు మళ్ళీ ముద్దయింది. పైగా పడమటి రాష్ట్రాల్లో, వయోమింగ్, మోంటానాల్లో, దళసరి బొగ్గు పొరలు నేలకి చాలా దగ్గరగా ఉన్నాయి. అక్కడ వాన తక్కువ. ఒకసారి మట్టి పోతే గడ్డి మళ్ళీ రావడం చాలా కష్టమని శాస్త్రవేత్తలు హెచ్చరించారు.

కాంగ్రెస్ బిల్లు పాస్ చేసింది. 1974 డిసెంబర్‌లో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం పెట్టలేదు. మళ్ళీ పాస్ చేసింది. 1975 మేలో మళ్ళీ వీటో చేశారు. బొగ్గు ఉత్పత్తి తగ్గుతుంది, వేల ఉద్యోగాలు పోతాయి, ధరలు పెరుగుతాయి అన్నది ఆయన కారణం. ఆ వీటోని దాటడానికి 1975 జూన్‌లో ప్రతినిధుల సభలో ఓటు పెట్టారు. అనుకూలంగా 278, వ్యతిరేకంగా 143. మూడింట రెండొంతులకి సరిగ్గా మూడు ఓట్లు తక్కువ. మూడంటే మూడు.

చివరికి 1977 ఆగస్టు 3న జిమ్మీ కార్టర్ సంతకం పెట్టారు. అరిజోనా ప్రతినిధి మోరిస్ యూడల్ ఈ బిల్లుని ఏళ్ళ తరబడి భుజాన మోశారు. చట్టం పేరు ఉపరితల గనుల నియంత్రణ, పునరుద్ధరణ చట్టం. అమెరికాలో అందరూ దాన్ని పొట్టిగా స్మాక్రా అంటారు.

ఆ పెద్ద చట్టంలో 515వ సెక్షన్‌లో ఒక చిన్న నిబంధన ఉంది. మన ఈ రోజు కథానాయకుడు అదే. దాని సారాంశం నా మాటల్లో చెప్తాను. పైమట్టిని విడి పొరగా తియ్యి. వీలైతే వెంటనే పూడ్చిన చోట పరిచెయ్యి. వెంటనే కుదరకపోతే మిగతా రాయితో కలపకుండా వేరే కుప్పగా పెట్టు. ఆ కుప్ప చాలాకాలం ఉండాల్సి వస్తే గాలికీ వానకీ కొట్టుకుపోకుండా, పాడవకుండా, దాని మీద త్వరగా పెరిగే మొక్కలు పెంచు. పైమట్టి మరీ తక్కువగా ఉంటే, నాసిగా ఉంటే, కింది పొరల్లో మొక్కకి ఇంతకంటే బాగా పనికొచ్చేది ఏదో పరీక్ష చేసి చూపించి దాన్ని వాడు.

అంతే. బావి తవ్వే రైతు చేసే పనిని చట్టం భాషలో రాశారు.

మేలైన సాగుభూమి అయితే ఇంకా గట్టిగా రాశారు. పై పొర వేరు, కింది పొర వేరు, వాటిని వేర్వేరుగా తీసి, మళ్ళీ అదే వరసలో పరచాలి. నిబంధనల్లో ఆ లోతుని సాధారణంగా 48 అంగుళాలుగా పెట్టారు, అంటే నాలుగు అడుగులు. మొక్కజొన్న వేరు దిగాలంటే అంత కావాలి.

దీని వెనుక ఎంత పని ఉందో చూడండి. ఒక ఎకరంలో ఒక అడుగు లోతు మట్టి తీస్తే 43,560 ఘనపుటడుగులు, సుమారు 1,233 ఘనపు మీటర్లు. బరువు 1,600 టన్నుల దాకా ఉంటుంది. పది టన్నుల టిప్పర్ అయితే 160 ట్రిప్పులు. ఇది ఒక్క ఎకరానికి, ఒక్క అడుగుకి. కుప్ప పోసి మళ్ళీ తీస్తే రెండుసార్లు ఎత్తాలి, రెండుసార్లు డీజిల్. కాబట్టి కంపెనీలు ఎందుకు తప్పించుకోవాలని చూస్తాయో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

అందుకే చట్టం డబ్బుని తాకట్టు పెట్టించుకుంది. గని మొదలుపెట్టకముందే బాండు కట్టాలి. పని అయ్యాక కూడా ఆ బాండు పూర్తిగా వెనక్కి రాదు. పచ్చదనం నిలబడిందో లేదో ఐదేళ్ళు చూస్తారు. ఏడాదికి 26 అంగుళాలు, అంటే 660 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ వాన పడే చోట పదేళ్ళు చూస్తారు. ఇక మేలైన సాగుభూమి అయితే మొక్క మొలిస్తే చాలదు. చుట్టుపక్కల తవ్వని అలాంటి నేలలో అదే సాగు పద్ధతిలో ఎంత పంట వస్తుందో, ఇక్కడా అంత రావాలి. అప్పుడే డబ్బు. ఈ పంట పరీక్ష నాకైతే ఈ చట్టంలో అన్నిటికంటే తెలివైన మాట అనిపిస్తుంది. ఎందుకంటే ఫొటోలో పచ్చగా చూపించొచ్చు కానీ, తూకంలో గింజల్ని చూపించకుండా తప్పించుకోలేరు.

కోర్టులో 0.006 శాతం

కంపెనీలు, కొన్ని రాష్ట్రాలు కోర్టుకి వెళ్ళాయి. ఇండియానాలో జిల్లా కోర్టు వాళ్ళ వైపే తీర్పు చెప్పింది. వాదన ఏంటంటే, బొగ్గు గనుల కింద ఏడాదికి పోయే మేలైన సాగుభూమి సుమారు 21,800 ఎకరాలు. దేశంలోని మొత్తం మేలైన భూమిలో అది 0.006 శాతం. ఇంత చిన్న దానికి కేంద్ర ప్రభుత్వం చట్టం చేయడమేంటి, వ్యవసాయం, భూమి రాష్ట్రాల విషయాలు కదా అని.

1981 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ వాదనని కొట్టేసింది. తీర్పు రాసింది జస్టిస్ తర్గూడ్ మార్షల్. శాతం ఎంతన్నది కాదు లెక్క, రాష్ట్రాల మధ్య పోటీలో నేలని పణంగా పెట్టకుండా కాపాడే అధికారం కాంగ్రెస్‌కి ఉందన్నది దాని సారం. పక్క రాష్ట్రాన్ని చూసి వెనక్కి తగ్గడం గురించి ఇందాక చెప్పుకున్నాం కదా, దానికి ఇది జవాబు. 0.006 శాతం అనేది దేశానికి. ఆ పొలం మీద బతికే ఇంటికి అది నూటికి నూరు.

మట్టి తిరిగొచ్చింది, పంట రాలేదు

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటాం. కాదు.

ఇల్లినాయ్‌లో మట్టిని చట్టం చెప్పినట్టే విడిగా తీశారు, విడిగా దాచారు, వరసగా పరిచారు. మొక్కజొన్న వేశారు. పంట తవ్వని పొలాలతో సమానంగా రాలేదు. మట్టి అదే, ఎరువు వేశారు, విత్తనం మంచిదే. మరి లోపం ఎక్కడ?

ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏళ్ళ తరబడి ప్లాట్లు వేసి పరిశోధన చేశారు. తేలింది ఏంటంటే, మట్టిలో ఉన్న సారం కన్నా మట్టిని ఎలా పరిచారన్నదే ముఖ్యం. పెద్ద పెద్ద స్క్రేపర్ బండ్లు మట్టిని మోసుకొచ్చి పోస్తూ, ఆ పోసిన మట్టి మీదే అటూ ఇటూ తిరిగాయి. ఒక్కో పొర మీద మళ్ళీ మళ్ళీ చక్రాలు. మట్టి రోడ్డులా గట్టిపడింది. వేరు దిగడానికి సందు లేదు, నీళ్ళు ఇంకడానికి సందు లేదు. వానలు బాగా పడిన ఏడాది పరవాలేదు, నాలుగు వారాలు వాన లేకపోతే మొక్క వాడిపోయేది. తడి మట్టి మీద బండి తోలితే ఇంకా ఘోరం. మన రైతు కూడా తడి నల్లరేగడిలో ట్రాక్టర్ దింపడు కదా.

దానికి మందు కూడా అక్కడే వెతికారు. లారీల్లో తెచ్చి పోసి, పోసిన దాని మీద బండి ఎక్కకుండా పనిచేస్తే మేలు. కొన్ని గనుల్లో చక్రం లాంటి తవ్వే యంత్రంతో తీసి, బెల్టు మీద పంపి, చల్లినట్టు పోశారు. అలా పోసిన చోట పంట బాగా వచ్చింది. గట్టిపడిపోయిన చోట మూడు నాలుగు అడుగుల లోతు దున్నే భారీ నాగళ్ళు తెచ్చారు.

అపలాచియన్ కొండల్లో ఇంకో రకం పాఠం. కొండ మళ్ళీ నున్నగా కనపడాలి, మట్టి జారకూడదు, గడ్డి పచ్చగా ఉండాలి అని బుల్‌డోజర్లతో తొక్కి తొక్కి చదును చేశారు. గడ్డి వచ్చింది. అడవి రాలేదు. ఓక్ మొక్క నాటితే వేరు దిగదు, మీద నుంచి ఒత్తుగా పెరిగిన గడ్డి దాన్ని మింగేస్తుంది. పాతికేళ్ళ తర్వాత చూసినా అక్కడ అడవి బదులు బీడే ఉంది. 2004లో కేంద్రం, రాష్ట్రాలు, విశ్వవిద్యాలయాలు కలిసి అడవిని తిరిగి తెచ్చే కార్యక్రమం మొదలుపెట్టాయి. వాళ్ళు చెప్పింది చాలా తేలిక మాట. కనీసం నాలుగు అడుగుల లోతు మంచి మట్టి, గాలికీ వానకీ అరిగిన ఇసుకరాయి వెయ్యండి. దాన్ని తొక్కకండి. వదులుగా, గడ్డలు గడ్డలుగా వదిలెయ్యండి. గడ్డి పలచగా చల్లండి. చెట్లు సరిగ్గా నాటండి. ముప్పై ఏళ్ళు నున్నగా చేసిన చేతులకి, ఎగుడుదిగుడుగా వదిలెయ్యమని చెప్పాల్సి వచ్చింది.

కుప్ప పోసిన మట్టి సంగతి కూడా చెప్పాలి. పైమట్టిని కొండలా పోస్తే పైన మీటరు దాకా గాలి ఆడుతుంది. లోపల గాలి ఆడదు. అక్కడ వేళ్ళకి తోడుండే బూజులు చస్తాయి, గడ్డి విత్తనాలు చస్తాయి, వానపాములు పోతాయి. ఐదేళ్ళు, పదేళ్ళు అయ్యాక తీసి పరిస్తే అది మట్టే కానీ, ప్రాణం పోయిన మట్టి. అందుకే మంచి పద్ధతి ఏంటంటే, కొత్తగా తవ్వబోయే చోట తీసిన పైమట్టిని అదే రోజు, పూడ్చేసిన పాత చోటికి తోలి పరచడం. కుప్ప అవసరమే ఉండదు. పోస్తే తక్కువ ఎత్తులో పొయ్యాలి, మీద మొక్కలుండాలి, ఎక్కువ కాలం ఉంచకూడదు.

జర్మనీలో రైన్ ప్రాంతపు లిగ్నైట్ గనుల్లో ఇంకో ఓపిక కనపడుతుంది. అక్కడ లోయెస్ అనే మెత్తటి సారవంతమైన మట్టి చాలా లోతు ఉంటుంది. దాన్ని విడిగా తీసి, సాగుభూమికి దాదాపు రెండు మీటర్ల మందాన పరుస్తారు. వెంటనే రైతుకి ఇవ్వరు. మొదటి కొన్నేళ్ళు కంపెనీయే లూసర్న్ గడ్డి పెంచుతుంది. దాని వేళ్ళు లోతుగా దిగి మట్టిని విప్పుతాయి, నత్రజని ఇస్తాయి. ఆ తర్వాతే గోధుమ, బీటు. అయితే అక్కడ కూడా ఊళ్ళకి ఊళ్ళు లేచిపోయాయి. మట్టి తిరిగొచ్చినంత మాత్రాన ఊరు తిరిగి రాదు. ఈ మాట కూడా మర్చిపోకూడదు.

మన దగ్గర

ఇప్పుడు ఇంటికి వద్దాం. 1871లో భూగర్భ సర్వే సంస్థకి చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించారు. ఆ తర్వాత వంద ఏళ్ళ దాకా సింగరేణి అంటే బాయి. చెమ్మస్, తట్ట, లాంతరు. 1970ల నుంచి ఓపెన్‌కాస్ట్ మొదలై, ఇప్పుడు బొగ్గులో పెద్ద వాటా దాన్నుంచే వస్తోంది. గోదావరి పక్కన రామగుండం, మంథని, శ్రీరాంపూర్, భూపాలపల్లి, మణుగూరు వైపు వెళ్ళినవాళ్ళకి ఆ మట్టి గుట్టలు కొత్త కాదు. తెలంగాణ ఉద్యమంలో బొందలగడ్డ అన్న మాట ఎంత గట్టిగా వినపడిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

మన దగ్గర నిబంధన లేదా అంటే, ఉంది. పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు పెట్టే షరతుల్లో పైమట్టిని విడిగా, కేటాయించిన చోట నిల్వ చేసి పునరుద్ధరణకి వాడాలని రాస్తారు. 2009లో కేంద్ర బొగ్గు శాఖ గని మూసివేత ప్రణాళికల మార్గదర్శకాలు తెచ్చింది. ఓపెన్‌కాస్ట్ అయితే హెక్టారుకి 6 లక్షల రూపాయల చొప్పున, అప్పటి ధరల్లో, లెక్కగట్టి ఎస్క్రో ఖాతాలో కడుతూ పోవాలని వాటిలో ఉండేది. 2013లో వాటిని సవరించారు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు, గని అయిపోయాక ఆ నేల మీద పశువులకీ జీవాలకీ పనికొచ్చేలా గడ్డి పెంచాలన్న షరతు కూడా పెట్టమని కేంద్రానికి చెప్పింది.

మరి తేడా ఎక్కడుంది? నాకు కనపడిన తేడా ఇది. ఇల్లినాయ్ పొలంలో పంట పరీక్ష ఎందుకు పనిచేసింది? ఆ నేల మళ్ళీ సాగులోకి రావాలన్నది చట్టంలోనే ఉంది, పక్క పొలం రైతు చూస్తూ ఉన్నాడు. మన దగ్గర భూసేకరణ జరిగాక భూమి రైతు పేరు మీద నుంచి పోతుంది. రైతు పరిహారం తీసుకుని వేరే ఊరికి పోతాడు. ఇరవై ఏళ్ళ తర్వాత గుట్ట మీద మొక్కలు పెరుగుతాయి, పచ్చగానే కనపడుతుంది. కానీ నా పొలంలో ఎకరానికి ఇంత పండేది, ఇప్పుడు ఎంత పండుతోంది అని అడగడానికి అక్కడ ఎవరూ మిగలరు. అడిగేవాళ్ళు లేని నిబంధన కాగితం మీదే ఉంటుంది.

అందుకే ప్రజాభిప్రాయ సేకరణ అన్నప్పుడు, ఉద్యోగం, పరిహారం, ఇల్లు అడగండి. అవి మొదట అడగాల్సినవే. వాటితో పాటు ఇంకో నాలుగు ప్రశ్నలు కూడా అడగండి. పైమట్టి ఎంత లోతు తీస్తారు? దాన్ని ఎక్కడ, ఎంత ఎత్తు కుప్ప పోస్తారు, మ్యాపులో చూపిస్తారా? ఎన్నేళ్ళు అలా ఉంచుతారు? తిరిగి పరిచాక అక్కడ పంట వేసి, పక్క పొలంతో పోల్చి తూకం చూపిస్తారా?

ఈ నాలుగు ప్రశ్నలకి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. బావి తవ్విన అనుభవం చాలు. కెంటకీలో బుల్‌డోజర్ ముందు కూర్చున్న ఆవిడకి కూడా అంతకు మించిన చదువేం లేదు. ఆమె కూర్చుంది కాబట్టి పన్నెండేళ్ళ తర్వాత ఒక దేశం మట్టి గురించి చట్టం రాసుకుంది. ఆమె ఒక్కతే కాదు, ఆమెలాంటివాళ్ళు వందల మంది.

మీ ఊరి దగ్గర ఓపెన్‌కాస్ట్ ఉంటే, పైమట్టి కుప్ప ఎక్కడుందో ఒకసారి వెళ్ళి చూడండి. మొక్కలున్నాయా, వానకి కోసుకుపోతోందా, అసలు కుప్ప ఉందా, చూసి నాకు రాయండి. మీరు రాసినవన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. అప్పటిదాకా సెలవు. నమస్కారం.